వరద ఫొటో కింద పేరు

ఒకరిని చూసి కుళ్ళుకోవడమనేది ఫొటోల మామకు పుట్టుకతోనే లేదు. ఆ మాట ఆయనే చెప్పుకొనేవాడు. ఇవాళ లైబ్రరీ గడప దాటేవరకూ అది నిజం కూడా.

లోపల లైబ్రేరియనమ్మ ఊరి పాత ఫొటోలన్నీ పెద్ద ఆల్బంలో అంటిస్తోంది. మొదటి పేజీలోనే వరద ఫొటో. చూరుదాకా మునిగిన ఇళ్ళు, మధ్యలో పడవ, పడవలో నిలబడి పసిపిల్లను తలకంటే ఎత్తుగా పట్టుకున్న కుర్రాడు. కింద ఒక్కడి పేరే ఉంది. అది పడవ నడిపే బావది.

ఆ బావ, అంటే మామ భార్యకు సొంత అన్న, పక్కనే కాలు మీద కాలేసుకుని చూడవచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. "సుడిలో పడవ గిర్రున తిరిగింది. ఒంటి చేత్తో తెడ్డేశాను."

"రెండు చేతుల్లోనూ పిల్లుంది కదా బావా," అన్నాడు మామ. "తెడ్డు పళ్ళతో పట్టుకున్నావా?"

అందరూ నవ్వారు. మామ కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్ళినా బావకు ముందు వరస కుర్చీ. తనకేమో, 'కాస్త జరగండి, ఆయన కనబడటం లేదు' అనే మాట.

"అమ్మాయ్, ఫొటో తీసినవాడి పేరేదీ?"

"ఫొటోలో మీరు లేరుగా మామయ్యగారూ."

"నేను లేకపోతే ఫొటోయే లేదు. మెడలోతు నీళ్ళలో కెమెరా నెత్తిన పెట్టుకుని తీశాను."

"కెమెరా నెత్తినుంటే కన్నెక్కడ పెట్టావు బావా?" అన్నాడు పడవ బావ తాపీగా.

మామకు ఒళ్ళు మండింది. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పేయమంటావా?"

"చెప్పు. నువ్వాపిన చోట నేనందుకుంటా."

లైబ్రేరియనమ్మ కలం తీసింది. "చెప్పండి, రాసుకుంటాను. ఊరంతా దిబ్బ మీదికి పోయిందట కదా. చూసినవాళ్ళు మీరిద్దరే."

బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ గొంతు సవరించుకున్నాడు.

"చెప్పడానికేముందమ్మా. మా బావ ధైర్యం అంతా ఇంతా కాదు."

"ఈయన తీయకపోతే ఆ ధైర్యం ఎవరు చూసేవాళ్ళమ్మా," అన్నాడు పడవ బావ. "ఈయన పేరూ రాయి. నా పేరుకు పైన రాయి."

రాసింది. మామ కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. బావ భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "నీ పేరులో అక్షరాలు కాస్త లావుగా పడ్డాయేం?" అని గొణిగాడు.

"నోర్మూసుకుని నడువు," అన్నాడు బావ.

ఫొటోలోని ఆ వరదను మామ స్టూడియోలో, తెర మీద ఇద్దరూ కలిసే గీశారు.