లాభం

పక్కన కూర్చున్న తలగుడ్డ ముసలాయన చెయ్యి చాపి, రక్కమ్మాళ్ ఆకు మీది రెండు చింతగింజలు తీసేశాడు.

"ఏంది తాతా, నా గింజలు తీస్తావు?"

"వీరప్ప పిలిచింది ఏడు తల్లీ. నువ్వు ఆరు మీదొకటి, ఒకటి మీదొకటి పెట్టినావు."

"ఆరున్నొకటి అనే కదా పిలిచినాడు!"

"ధాన్యం కొలిచేవాడి నోట ఏడు రాదు. ఏడుపు మాట అని ఆరున్నొకటి అంటాడు. తప్పుగా అరిచినావంటే ఆకు చించేస్తారు."

రక్కమ్మాళ్ మూతి ముడుచుకుంది. కళ్ళంలో ఎన్నోసార్లు విన్న మాటే. ఆటలో తట్టలేదు.

మదురైలో కుంఫిణీ దండు ఆడే ఆటను చూసొచ్చి, వ్యాపారి చిదంబరం ఆండిపట్టి సంతలో పెట్టాడు. పడి కొలత జొన్నలకు ఒక తాటాకు. ఆకుకు తొమ్మిది గళ్ళు, గడికో అంకె. సొరబుర్రలోంచి బిళ్ళ తీసి దాని మీది అంకె పిలుస్తారు. ఆ అంకె ఉన్నవాళ్ళు గింజ పెట్టుకోవాలి. తొమ్మిదీ నిండితే, ఇంకో బిళ్ళ తీసేలోగా అరవాలి. జొన్నలు కొలిచే వీరప్పే అంకెలూ పిలుస్తున్నాడు.

గెలిచినవాళ్ళకు గుంజకు కట్టిన పాలావు, దాని దూడ.

రక్కమ్మాళ్ ఇంట్లో కోడలికి పాలు పడలేదు. పసివాడు గంజినీళ్ళు తాగి ఏడుస్తున్నాడు. కుండలో మిగిలిన పడి జొన్నలూ తెచ్చి ఆకు తీసుకుంది.

"ఇంకో ఆకు ఉంటే బాగుండు," అంది రెండేసి ఆకులు పట్టిన ఎదుటివాళ్ళను చూస్తూ.

"వద్దు. రెండు పట్టినవాడు రెండూ చూడలేడు. చెవి వీరప్ప నోట పెట్టు, చాలు."

వీరప్ప ఇరవై పిలిచాడు. ఆమెకు గింజ పడింది.

"ఆవు గెలిస్తే ఏమి చేస్తావు తల్లీ?"

"మనవడికి పాలు పోస్తాను."

"మేత ఉండాదా?"

"జొన్నచొప్ప వాము ఉండాది."

"కొట్టంలో నీడ?"

"ఉండాది."

"పాలు పితికేముందు దూడకు విడుస్తావా, లేక అంతా మీరే..."

రక్కమ్మాళ్‌కు విసుగొచ్చింది. "నీకెందుకు తాతా అదంతా? ఆవు నీదా?"

చుట్టుపక్కలవాళ్ళు గొల్లున నవ్వారు.

ముసలాయన తల వంచుకుని తన ఆకు చూసుకున్నాడు.

ఆరు వచ్చింది. ఇరవై మూడు వచ్చింది. ఆమె ఆకులో ఇక ఒకటే గడి ఖాళీ. ముసలాయన గింజ తీసేసిన ఒకటో అంకె గడి.

వీరప్ప బిళ్ళ తీశాడు.

"లాభం!"

గుంజ దగ్గర ఆవు అంబా అని, పలుపు తెగేలా ఇటు లాగింది.

"ఆవుకూ లాభం కావాలంట!" అన్నాడొకడు. సంతంతా నవ్వింది. వీరప్ప చెయ్యి మళ్ళీ బుర్రలోకి పోతోంది.

"కొలతలో మొదటి పడిని ఏమంటారు తల్లీ? సీక్రం చెప్పు!"

"లాభం... అయ్యో, ఒకటి! నిండింది! నిండింది!"

వీరప్ప ఆకు సరిచూశాడు. "సరి. ఆవు నీదే అక్కా."

ఆ మాట చెప్పాలని రక్కమ్మాళ్ పక్కకు తిరిగింది. ముసలాయన లేడు. ఆయన కూర్చున్న చోట ఆకు ఉంది. తొమ్మిది గళ్ళలోనూ గింజలున్నాయి.

'అరవలేదేమి? చూసుకోలేదేమో, పాపం,' అనుకుంది.

గుంజ దగ్గరికి పోయి దూడను ముందు నడిపించి, పలుపు పట్టి లాగింది. ఆవు కదలలేదు. వాంగో, రా రా అంది, హోయ్ అంది. చిదంబరం వెనకనుంచి తోశాడు. అది కాళ్ళు నేలకు తన్నిపట్టి నిలుచుంది.

"పొద్దుటినుంచీ ఇదే తంటా," అన్నాడు చిదంబరం. "కరువు ఊరినుంచి ఎవరో తోలుకొచ్చినారంట. మేత లేదని మా మనిషికి ఇచ్చి పోయినారు. నేను చూడలేదు."

"పేరేమన్నా చెప్పినారా?"

"ఆవుకు పేరేంది!"

రక్కమ్మాళ్ కాసేపు ఆవు మొహం చూసింది. వంగి, చెవి దగ్గర మెల్లగా అంది.

"లాభం."

ఆవు చెవులు నిక్కించింది. ఆమె చెయ్యి నాకింది. అడుగు వేసింది.

ఆమె సంత దారి పొడుగునా చూసింది. ఎక్కడా ఆ తలగుడ్డ కనబడలేదు.

ఎగతాళిగా "ఆవు నీదా?" అన్నప్పుడు తాత చెప్పని జవాబు, ఇప్పుడు పలుపు చివర మెల్లగా నడిచి వస్తోంది.