రాజేశం బ్యాగు

"ఈ బ్యాగు ఎవరిది?"

దోహా విమానాశ్రయంలో అధికారి అరబ్బీలో అడిగాడు. ట్రాలీలు తోసే హైదరాబాదీ రఫీక్‌ను మాటసాయానికి పిలిచారు. అతను తెలుగులో చెప్పేసరికి, ఊరికి బయల్దేరిన కూలీ రాజేందర్ తలెత్తి చూశాడు. స్కానింగ్ తెర మీద, చొక్కాల మడతల మధ్య, పేలని తూటా ఒకటి కనిపిస్తోంది.

"నాది కాదు భాయ్. రాజేశంది. మా రూమోడు. పోయిన నెల నిద్రల్నే పాణం పోయింది. శవాన్ని ఊరికి తోల్కపోతున్న. ఇది ఆయన బ్యాగు."

బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో ఎవరు పోయినా రూమువాళ్లే బట్టలు సర్దుతారు. శవంతో పాటు వెళ్లేవాడు ఆ బ్యాగు ఇంట్లో అప్పగిస్తాడు. ఈసారి ఆ పని రాజేందర్ మీద పడింది.

పక్క కౌంటర్లో వేటకు పోయే దొర ఒకడు తుపాకీ పెట్టెతో దర్జాగా వెళ్లిపోయాడు.

"గాయిన్నెట్ల పోనిచ్చిండ్రు?"

"ఆయనకు ఈ దేశం పర్మిషన్ ఉంది, దిగే దేశంది గూడ ఉంది. నీకేముంది? ఒక్క తూటా దొరికినా ఈడ జైలే. శంషాబాద్‌ల దొరికితే ఆడ ఇంకో కేసు."

"నాది కాదంటున్న గదా!"

అధికారి ఎవరికో ఫోన్ చేసి, రఫీక్‌కు ఏదో చెప్పాడు. రఫీక్ ముఖం వాడిపోయింది.

"సచ్చినోనిదైతే ఎంక్వయిరీ గావాల్నంట. గప్పటిదాంక శవప్పెట్టె పోదు. ఇమానంల కెంచి దించి మల్ల మార్చురీల పెడ్తరు."

"ఎన్ని దినాలు?"

"వరల్డ్ కప్ వస్తుంది భాయ్, అంతటా బందోబస్తు. తూటా అంటే ఊకుంటరా? అల్లాకే తెలుసు."

అప్పుడే రాజేందర్ ఫోన్ మోగింది. రాజేశం భార్య గంగామణి.

"అన్నా, ఆయన ఇమానం ఎక్కిండా? పొద్దుగాల్ల సంది పోరగాండ్లు బువ్వ ముడ్తలేరు. బాపు మొకం జూసినంకనే తింటరంట."

రాజేందర్ వీపు వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. రాజేశం పోయిన పొద్దున, పక్క మంచం మీద సగం తెరిచి ఉన్న అతని కళ్లు గుర్తొచ్చాయి. భయం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి.

"ఎక్కిండు చెల్లే," అని ఫోన్ పెట్టేశాడు.

"రఫీక్ భాయ్, ఆ తూటా నాదేనని చెప్పు. పెట్టెను పోనియ్యమను."

"పాగల్ అయినవా? సచ్చినోణ్ని జైల్ల ఎయ్యరు, నిన్ను ఏస్తరు!"

"చెప్పు భాయ్. స్టేడియం పనికాడ ఇసుకల దొరికింది. ఊర్ల నలుగురికి చూపెడుదామని దాసుకున్న."

రఫీక్ తల కొట్టుకుంటూనే చెప్పాడు. అధికారి నమ్మినట్టు లేదు, అయినా రాసుకున్నాడు. పెట్టెకు అడ్డు తొలగింది. రాజేందర్ చేతులకు బేడీలు పడ్డాయి.

అద్దాల అవతల విమానం లేచింది. రఫీక్ కళ్లు తుడుచుకున్నాడు.

"దోస్తు కోసం చెయ్యని తప్పు నెత్తినేసుకున్నవ్. నీ అసొంటోణ్ని నా జిందగీల చూడలే."

రాజేందర్ విమానం వైపే చూస్తూ అన్నాడు. "చెయ్యని తప్పు గాదు భాయ్. పీనుగ బ్యాగు ఎవ్వడు ఎతకడని నేనే అండ్ల పెట్టిన."