వద్దనే చెప్పాను

"కాలేజీ గడప తొక్కనివాడికి ఇక్కడ పని లేదు, మేట్. నీ ప్రోగ్రాం పీకేసి ఇంటికి పో," అన్నాడు మేనేజర్ బ్రెట్, అందరి ముందూ. హామిల్టన్ పాల ఫ్యాక్టరీలో నాకదే ఆఖరి రోజు.

పీకేయబోతే కంప్యూటర్ తెర మీద ఇన్‌స్టాలర్ అడిగింది: "తూకం ఫైలును ఇంకే ప్రోగ్రామూ వాడటం లేదు. దీన్నీ తీసేయాలా?"

శుద్ధ అబద్ధం. ఆ ఫైలు రాసింది నేను. ఐదు ప్రోగ్రాములు దానిమీదే బతుకుతున్నాయి. ఒక్కో ప్రోగ్రాం ఎక్కించినప్పుడల్లా, ఆ ఫైలును వాడే ప్రోగ్రాముల లెక్కలో ఒకటి కలపాలి. టైం దండగని బ్రెట్ ఆ పని మాన్పించేశాడు. లెక్కలో మిగిలింది నా ప్రోగ్రాం ఒక్కటే.

"బ్రెట్, అవునని నొక్కకూడదు. ట్యాంకర్ల తూకాలన్నీ ఆగిపోతాయి," అన్నాను గట్టిగా.

"నువ్వా నాకు చెప్పేది, టెవిటా? లే అక్కణ్ణించి."

అతనే కూర్చుని నొక్కాడు.

పావుగంటలో పాల ట్యాంకర్లు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరాయి. బ్రెట్ మొహం సున్నం కొట్టినట్టయింది. "పాపం, కుర్రాడు ముందే చెప్పాడు," అన్నారు అందరూ.

చెప్పాను మరి. నొక్కమని చెప్పి ఉంటే ఆగేవాడు. మూడేళ్లలో నేను వద్దన్న పని అతను చేయకుండా వదిలింది ఒక్కటీ లేదు.