గోడ దగ్గరి మలుపు

“మళ్ళీ అదే గోడా, బాబాయ్?”

పంతులమ్మ చెయ్యందించింది. అతను అందుకోలేదు. సిమెంటు నేల మీద అరచేతులు ఆనించి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది సర్దుకుని ఒంటెలా లేచాడు. స్కేట్‌బోర్డు మాత్రం ఏ పాపమూ ఎరగనట్టు గోడ మొదట్లో వెల్లకిలా పడి చక్రాలు తిప్పుకుంటోంది.

పంతులమ్మంటే పాతికేళ్ళ పిల్ల. పొద్దున్నే ఆ మైదానంలో చిన్నలకీ పెద్దలకీ బోర్డు మీద నిలబడడం నేర్పుతుంది. అతను లిఫ్టు మెకానిక్కు. యాభై దాటాయి. కుర్రతనంలో ఇదే మైదానంలో అతన్ని బొంగరం అని పిలిచేవాళ్ళు. అంత తేలిగ్గా తిరిగేవాడు. పెళ్ళయ్యాక బోర్డు అటకెక్కింది. కిందటి నెలలో దించాడు.

మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి రావాలి. మిగతా అంతా బాగానే వస్తాడు. వీధి వైపు భుజాలెత్తు గోడ దగ్గరికి వచ్చేసరికి, ఎడమకు మళ్ళాల్సినవాడు తిన్నగా పోయి గోడను కావలించుకుంటాడు.

“ఇది చెప్పిన మాట వినే బండి కాదు, చూసిన వైపు పోయే బండి. కళ్ళెటో భుజాలటు, భుజాలెటో బోర్డటు. మీకు నేను చెప్పాలా?”

“తెలుసమ్మా.”

“తెలిసీ గోడకేసి చూస్తారేం? అక్కడేమన్నా లంకెబిందెలు పాతిపెట్టారా?”

“అబ్బే,” అని బోర్డు చంకన పెట్టుకుని కుంటుకుంటూ ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పాలప్యాకెట్టు ఇంకా బల్ల మీదే ఉంది. మెట్లెక్కిన ఆయాసం ఆమెకింకా తీరలేదు.

“కుడి మోచెయ్యి సబ్బుతో కడుక్కోండి,” అంది తలెత్తకుండా.

అతని చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. పోయి కడుక్కొచ్చాడు.

బోర్డు దించిన రోజే ఆమె తేల్చి చెప్పేసింది. “కుర్రతనం కావాలంటే జుట్టుకి రంగేసుకుంటే పోయేదిగా. దానికి ఎముకలు ఖర్చుపెట్టాలా? మీ సర్కసు చూడ్డానికి నేను మాత్రం ఆ గేటు తొక్కను.” తొక్కలేదు కూడా. అయితే అతని ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర లోపలివైపు దూది పెట్టి మందంగా అతుకులు వేసింది. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

“ఇవాళ శుక్రవారం,” అంది ఇప్పుడు, దారం కొరుకుతూ. “ఆదివారం దాకా ఊరుకుంటా. పడకుండా ఒక్క చుట్టు తిరిగారా, ఇక జన్మలో నోరెత్తను. లేదంటే అది పాతసామాన్ల బండెక్కుతుంది.”

“తిరిగానో లేదో నీకెలా తెలుస్తుంది?”

ఆమె చెయ్యి మిషను చక్రం మీద ఒక్క క్షణం ఆగింది. “మీరు చెబితే నమ్మను. మీ మోకాళ్ళు చెబితే నమ్ముతా.”

“రోజంతా పైకీ కిందికీ పోయే పెట్టెతోనే నా బతుకు,” అన్నాడు అతను నెమ్మదిగా. “పక్కకి తిరిగేది అక్కడొక్క చోటే. అది తీసెయ్యకే.”

“తిరిగితే కదా,” అంది. కానీ గొంతులో ఇందాకటి బింకం లేదు.

శనివారం పంతులమ్మ సుద్దముక్కతో గోడ మీద పెద్ద ఇంటూ గుర్తు వేసింది. “ఇటు చూశారంటే గుంజీళ్ళు తీయిస్తా, పెద్దాచిన్నా చూడను.” పక్కనున్న వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత వెళ్ళి ఆ గుర్తు పక్కనే తుంటి మీద పడ్డాడు.

ఇంటికొచ్చి కుర్చీ లాక్కోబోతుంటే, “తుంటి మీద పడ్డ మనిషి కూర్చోకూడదు, పడుకోండి,” అని భార్య వేడినీళ్ళ సంచి తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రమే బడివాళ్ళు యూనిఫాంల మూట దించిపోయారు. సోమవారం బడి తెరుస్తారట. ఆదివారం మధ్యాహ్నానికల్లా బొత్తాలతో సహా అందాలట.

ఆదివారం పొద్దున అతను బోర్డు తీసేసరికే ఆమె మిషను తొక్కుతోంది. చుట్టూ చొక్కాల గుట్టలు.

“పాలు?” అన్నాడు.

“వచ్చేటప్పుడు మీరే పట్రండి. నాకు లేచే తీరిక లేదు.”

అతను గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. అడుగు బయట పెడుతుంటే, “చూసుకుని,” అంది ఆమె.

మైదానంలో బోర్డెక్కే ముందు అతను గోడ పొడుగునా ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశాడు. చూపు దించుకున్నాడు. ఒక కాలితో నేలను తన్ని బయల్దేరాడు.

మొదటి మలుపు తిరిగాడు. రెండోది తిరిగాడు. గోడ దగ్గరపడింది. అతని కళ్ళు ఎడమకు మళ్ళాయి. కళ్ళ వెంట భుజాలు, భుజాల వెంట బోర్డు, నీళ్ళలో చేప మళ్ళినట్టు మళ్ళాయి. గోడకు జానెడు దూరంలోంచి జారిపోయి, బయల్దేరిన చోటికి వచ్చి ఆగాడు.

అక్కడ చప్పట్లు కొట్టరు. బోర్డు తోకను నేలకేసి కొడతారు. మైదానమంతా టకటకలాడింది.

“అదీ బొంగరమంటే,” అంది పంతులమ్మ. “ఇన్నాళ్ళూ ఏమైంది మీకు?”

అతను దిగాడు. అలవాటు కొద్దీ మోకాళ్ళు దులుపుకోబోయాడు. దులపడానికి దుమ్ము లేదు. గెలిచినవాడి మొహంలా లేదు అతని మొహం.

“గోడ వైపు చూడలేదుగా,” అన్నాడు.

“అదే, ఇవాళ ఎందుకు చూడలేదని అడుగుతున్నా.”

“ఇవాళ దాని వెనక మా ఆవిడ లేదమ్మా.”