పొగబండి వచ్చే బుధవారం

"బుధవారం మన వీధికి దోమల పొగబండి వస్తుంది పెదనాన్నా," అని ఒరతాయ్ చెప్పగానే ప్రయూన్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఒరతాయ్ ఆరోగ్య కేంద్రం తరఫున కాలవగట్టు మీది ఇరవై రెండు ఇళ్ళ మంచిచెడ్డలూ చూసే పిల్ల. దోమలు పెరిగాయట. వీధంతా మందు పొగ కొడతారట. నీళ్ళ గోలేల్లో మందు ఇసుక చల్లుతారట.

"వద్దమ్మా. ఆ విషం ఇటు వస్తే నా కొంప మునిగినట్టే."

"పక్క వీధిలో మొన్ననే కొట్టాం. తొంభై ఏళ్ళ ముసలమ్మ రెండు సార్లు దగ్గి, లేచి అన్నం తినేసింది."

"ముసలమ్మలు గట్టి పిండాలు. నన్నొదిలెయ్, ఆ సాయిఫొన్ కొడుకుని చూడు. ఎనిమిది నెలల పసిగుడ్డు. నెల్నాళ్ళుగా ఒకటే దగ్గు."

పక్కింటి సాయిఫొన్ కొడుకు, పిలిచినట్టే, ఖళ్ళుమని దగ్గాడు. ఒరతాయ్ మనసు కరిగింది.

"సరే. బుధవారం పొద్దున ఇంటింటికీ వచ్చి చూస్తా. ఎక్కడా దోమ పిల్ల కనిపించకపోతే పొగ అక్కర్లేదని రాసిస్తా. ఒక్కటి తోకాడించినా బండి వచ్చేస్తుంది. తర్వాత నన్ననకండి."

చేతిలో ఐదు రోజులు. ప్రయూన్ పంచె ఎగ్గట్టాడు.

ముందు సొంత ఇల్లు. దోమల కాయిళ్ళు, గదిలో కొట్టే సెంటు, బీరువాలో కలరా ఉండలు, ఫినాయిల్, యాసిడ్, అన్నీ మూటకట్టి పట్నం చెత్తబండికి ఎక్కించాడు. నిమ్మచెక్క, ఉప్పు పట్టుకుని మరుగుదొడ్డిలో కూర్చుని తోమడం మొదలెట్టాడు.

భార్య సమ్రువాయ్ పచ్చడికి పచ్చి బొప్పాయి దంచుతున్న రోకలి ఆపింది.

"ఏమయ్యా, నలభై ఏళ్ళలో తిన్న కంచం కడిగిన పాపాన పోలేదు. ఇవాళ దొడ్డి తోముతున్నావు. ఎవతె అది?"

"ఛీ! ఈ వయసులోనా?"

"వయసుదేముంది? మా నాన్న డెబ్భై రెండేళ్ళప్పుడు పడవ నడిపేదానితో పోయాడు. పోయే ముందు వారం ఇల్లంతా సున్నం కొట్టాడు."

ప్రయూన్ ఇంకాస్త గట్టిగా తోమాడు.

తర్వాత వీధి మీద పడ్డాడు. ఆయన ముక్కు అలాంటిలాంటిది కాదు. కాలవకి అవతల ఎవరైనా ఫినాయిల్ సీసా మూత తిప్పితే ఇవతల తుమ్మేవాడు. తుమ్మిన అరగంటలో ఆ గుమ్మంలో ఉండేవాడు. "బట్టల సబ్బు నీళ్ళు కాలవలో పొయ్యకండర్రా. అరటిచెట్టు మొదట్లో పొయ్యండి." పంచాయతీ మనిషి గట్టు మీద గడ్డి మందు కొట్టబోతే వాడి చేతిలో పంపు లాక్కుని, కొడవలితో గట్టంతా తనే కోశాడు. సాయిఫొన్ ఉయ్యాల కింద కాయిల్ ఆర్పేసి, సమ్రువాయ్ పాత సన్నబట్టతో ఉయ్యాలకి దోమతెర కుట్టిచ్చాడు. గుమ్మాల్లో నిమ్మగడ్డి నలిపి పెట్టించాడు.

అసలు పని తెల్లారగట్ల. సన్నటి గుడ్డ వల, ఒక బకెట్. ఇంటింటికీ వెళ్ళి గోలేలు దేవేవాడు. నల్లగా మెలికలు తిరుగుతూ బోలెడు దోమ పిల్లలు వచ్చేవి.

"ఇన్నిటినీ ఏం చేస్తావు మామా?" అంది సాయిఫొన్.

"వాటి గతి నేను చూస్తాగా. నువ్వు పిల్లాణ్ణి చూసుకో."

మూడో రోజుకి పిల్లాడి దగ్గు తగ్గింది. నాలుగో రోజుకి వీధిలో ఎవడు ఏం కూర వండుతున్నాడో వాసన పట్టి చెప్పగలిగేంత శుభ్రమైంది గాలి. ఆడవాళ్ళు ప్రయూన్‌ని చూపించి మొగుళ్ళని తిట్టడం మొదలెట్టారు.

బుధవారం వచ్చింది. వీధి మొదట్లో పొగబండి ఆగి ఉంది. ఒరతాయ్ టార్చిలైటు పట్టుకుని గోలేలు చూసింది. పూలకుండీల పళ్ళేలు చూసింది. చీమలు ఎక్కకుండా వంటింటి అలమర కాళ్ళ కింద పెట్టిన నీళ్ళ గిన్నెలు చూసింది. ఇరవై ఒక్క ఇళ్ళు. ఒక్క తోకా ఆడలేదు.

ఇరవై రెండోది ప్రయూన్ ఇల్లే. వాకిట్లో ఇంటి దేవత గూడు. గూట్లో దేవతకి పెట్టిన నీళ్ళ కప్పు. ఆ కప్పులో, ప్రయూన్ కళ్ళెదుటే, ఒకటి మెలికలు తిరిగింది.

ఒరతాయ్ టార్చి అటు తిప్పేలోపు ప్రయూన్ చేతులు జోడించి, కప్పు ఎత్తి గటగటా తాగేశాడు.

"ప్రసాదమమ్మా," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఒరతాయ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. కాగితం మీద సంతకం పెట్టింది. పొగబండి వెనక్కి తిరిగింది. వీధంతా ఈలలు వేసింది. సాయిఫొన్ పిల్లాణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

సమ్రువాయ్ కళ్ళు తుడుచుకుంది. "నిన్ను అనుమానించాను చూడు, నా బుద్ధి గడ్డి తిన్నది," అని రెండు గుడ్ల అట్టు వేసి పెట్టింది.

మధ్యాహ్నం ఆమె కునుకు తీసింది. ప్రయూన్ బకెట్ పట్టుకుని, నాగుపాముందని ఆమెని అటు రానివ్వని పెరటి కొట్టు వైపు పిల్లిలా నడిచాడు.

తాళం తీసి, మూడేళ్ళ క్రితం బుద్ధుడి ముందు సమ్రువాయ్‌కి ఒట్టేసి అమ్మేశానన్న, మందు పొగ సోకితే చచ్చి తేలే పందెం చేపలు నూట నలభై సీసాల్లో రెక్కలు విప్పి ఎదురుచూస్తుంటే, "ఆగండ్రా, వస్తున్నా," అంటూ సీసాకి పదేసి దోమ పిల్లల్ని వడ్డించడం మొదలెట్టాడు.