ఇటు నీడగా ఉంటుంది

"ఎవరండీ మీరు? మా ప్రయోగమంతా పాడుచేస్తున్నారు!"

సందు మొదట్లో, దర్జీ కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్న మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు.

అడిగినామె మున్సిపాలిటీలో మ్యాపులు గీసే ఉద్యోగిని. ఇద్దరికీ అదే మొదటి పరిచయం.

స్టేషన్ నుంచి ఆస్పత్రికి రెండు దారులున్నాయి. ఒకటి మెయిన్ రోడ్డు. అక్కడి మలుపులో పోయిన ఏడాది బస్సు కింద పడి ఒక పిల్ల చనిపోయింది. రెండోది ఈ సందు. కాస్త చుట్టే గానీ, బండ్లు రావు.

నడిచేవాళ్లను సందులోకి మళ్లించాలి. అడ్డం కట్టకుండా, ఎవరినీ బతిమాలకుండా, కేవలం మ్యాప్‌తో. అదీ ఆమె పంతం.

స్టేషన్ బయట అద్దం బిగించిన కొత్త బోర్డు పెట్టించింది. అందులో మెయిన్ రోడ్డు బూడిదరంగు దారప్పోగు. సందు మాత్రం ఆకుపచ్చగా, వెడల్పుగా, చెట్లతో కళకళలాడుతూ ఉంటుంది. అసలు సందులో చెట్లు అన్ని లేవనుకోండి, అది వేరే సంగతి.

వారం తిరక్కుండానే సగానికి పైగా జనం సందు పట్టారు. ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పుడు, వచ్చేపోయేవాళ్లను లెక్కపెట్టే అమ్మాయి నసిగింది.

"మేడమ్, బోర్డు పెట్టిన రోజు నుంచీ సందు మొదట్లో ఒకాయన కూర్చుంటున్నాడు. జనం ఆయన్ని 'నీడ బాబాయ్' అంటున్నారు."

అందుకే ఈ రాక.

"అందర్నీ ఎందుకు పిలుస్తున్నారు?" అని నిలదీసింది.

"పిలవట్లేదమ్మా. ఎటు పోవాలా అని ఆగినవాళ్లకు 'ఇటు నీడగా ఉంటుంది' అంటున్నా, అంతే. మీ బోర్డు చెప్పేదీ అదేగా?"

ఆమెకు ఒళ్లు మండింది.

"మీ మాట విని వస్తున్నారో, మ్యాప్ చూసి వస్తున్నారో మాకెలా తెలుస్తుంది?"

"ఎలా వస్తే ఏంటమ్మా, వస్తున్నారుగా?"

మంచి ప్రశ్నే. వినే ఓపిక ఆమెకు ఉంటే బాగుండేది.

లోపల మిషను తొక్కుతున్న దర్జీ కాలు ఆపాడు.

"కూర్చోనివ్వండి మేడమ్. ఆ స్టూలు వేసింది నేనే."

"మీకు తెలియదండీ, మీరు ఊరుకోండి."

దర్జీ ఊరుకున్నాడు. ఆ మనిషి మాత్రం ఆమె ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"నేను లేకపోయినా ఇటే నడుస్తారా అమ్మా?"

"నడుస్తారు. మ్యాప్ ఉందిగా."

"ఖాయంగా?"

"ఖాయంగా! ఇక మీ అవసరం లేదు."

ఆయన భుజాలు ఒక్కసారిగా సడలాయి. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. వెటకారం అనుకుంది ఆమె.

మర్నాటి నుంచి స్టూలు ఖాళీ.

సందు కూడా.

జనం ఎప్పట్లాగే మెయిన్ రోడ్డు పట్టారు. ఆమె మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు చిక్కబరిచింది. సందును ఇంకాస్త లావు చేసింది. బోర్డు ముందు ఆగినవాళ్లు ఆ అద్దంలో చూసుకుని తల దువ్వుకుని, మలుపు వైపే నడిచారు.

ఒక సాయంత్రం మలుపులో బ్రేకు కీచుమంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆమెలో మ్యాప్ గెలవాలన్న పంతం అక్కడే చచ్చిపోయింది. ఆయన వచ్చి మళ్లీ ఆ స్టూలు మీద కూర్చుంటే చాలనిపించింది.

పరుగున దర్జీ కొట్టుకు వెళ్లింది.

"ఆయనేరండీ?"

"ఊరు వదిలి వెళ్లిపోయాడమ్మా."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. 'నేను లేకపోయినా ఇటే నడుస్తారట, ఇక నేను వెళ్లొచ్చు' అన్నాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి."

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏమీ తెలియకుండానే 'ఖాయంగా' అనేసింది. ఆ ఒక్క మాట నమ్మి ఆయన వెళ్లిపోయాడు.

"నోటికొచ్చింది అనేశానండీ. కనిపిస్తే కాళ్లు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకుందును."

దర్జీ కత్తిరించిన గుడ్డముక్కను మడతలు పోయేలా అరచేత్తో రాస్తూ ఉండిపోయాడు.

ఖాళీ స్టూలును చూస్తూ ఆమె మెల్లగా అడిగింది.

"ఆ మలుపులో పోయిన పిల్ల... ఆయన కూతురా?"

"కాదమ్మా, పిల్ల నాది. ఆ రోజు బస్సు నడిపింది ఆయన."