రోజుకొక ఫిర్యాదు

ఫోన్ పెట్టేసి ఐలీ ఎగిరి గంతేసింది.

"మనకే ఇచ్చారు డౌగీ! జూలైలో జాతీయ పోటీలు మన మైదానంలోనే!"

డౌగీ గడ్డి కోసే బండి ఆపి టోపీ గాల్లోకి విసిరాడు. సముద్రపు గాలి దాన్ని ఎత్తుకుపోయింది. ఇద్దరూ పిల్లల్లా దాని వెంట పరిగెత్తారు.

ఫైఫ్ తీరంలోని ఆ గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక బాగోగులన్నీ ఐలీవే. వచ్చినప్పటి నుంచీ గడ్డికి నీళ్లు తగ్గించి, దాహంతో పెంచుతోంది. వేళ్లు లోతుకు దిగాలి, నేల గట్టిపడాలి. రంగు కాస్త గోధుమగా మారినా ఫరవాలేదు, బంతి అద్దం మీద జారినట్టు పోవాలి. పోటీలవాళ్లకు నచ్చిందీ అదే.

ఆ సంతోషం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. షెడ్డు గుమ్మంలో పెట్రీ ప్రత్యక్షమయ్యాడు.

పెట్రీ మైదానం కమిటీకి పెద్ద. సభ్యుల ఫిర్యాదులు ఆయన ద్వారానే రావాలన్నది క్లబ్బు కట్టుబాటు. రోజూ వస్తాడు, రోజూ ఒకటి తెస్తాడు. అంతకుమించి ఆయన గురించి ఐలీకి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"సంతోషమమ్మా, వార్త విన్నాను. మరేం లేదు... మూడో గుంత దగ్గర ఇసుక గట్టిగా ఉందంటున్నారు."

ఐలీకి ఒళ్లు మండింది.

"నిన్న జెండా కర్ర వంకరన్నారు. మొన్న పిట్టలు అరుస్తున్నాయన్నారు. పిట్టల నోళ్లు కూడా నేనే మూయాలా?"

"వాళ్లన్నది చెప్పానంతే తల్లీ."

"ఈ ఒక్కరోజైనా నన్ను సంతోషంగా ఉండనివ్వరా? ఇంట్లో మీ ఆవిడ వంట చేస్తుంటే కూడా ఇలాగే పక్కన నిలబడి వంకలు పెడతారా?"

డౌగీ కిసుక్కున నవ్వాడు.

పెట్రీ "పని చూసుకోమ్మా" అని వెళ్లిపోయాడు.

ఐలీ కోపం చల్లారలేదు. నేరుగా క్లబ్బు కెప్టెన్ క్రైటన్ దగ్గరికి వెళ్లింది.

"ఆ ముసలాయన ఇంకోసారి నా షెడ్డు గడప తొక్కితే, పోటీలు మీరే జరుపుకోండి. నేనుండను."

పోటీలు చేతికొచ్చిన వేళ ఆమెను వదులుకునేదెవరు? ఆ సాయంత్రమే పెట్రీ కమిటీ నుంచి తప్పుకున్నాడు.

మర్నాడు ఐలీ వచ్చేసరికి షెడ్డు ముందు క్లబ్బు సభ్యుల గుంపు.

"గడ్డి ఎండబెట్టి ఎవరికి మేపుతావు?"

"గొర్రెల బీడు నయం!"

"టీవీలో చూడు, మైదానాలు ఎంత పచ్చగా ఉంటాయో!"

"మా బావమరిదికి ఎరువుల కొట్టుంది. రమ్మంటావా?"

ఐలీ తలుపేసుకుంది. కిటికీ మీద కొట్టారు. మధ్యాహ్నానికి ఓపిక నశించి కెప్టెన్ గదిలోకి దూసుకెళ్లింది.

"నిన్నటిదాకా రోజుకొక ఫిర్యాదే వచ్చేది! ఒక్కరోజులో వీళ్లందరికీ ఏం పుట్టింది?"

క్రైటన్ సూప్ తాగుతూ తలెత్తాడు.

"ఒక్కటా? రోజూ సాయంత్రం బార్‌లో ఇంతమందీ పెట్రీ మీద పడి అరిచేవాళ్లు. తిట్లన్నీ తిని, అందులో చిన్నది ఏరి నీకు తెచ్చుంటాడు."

ఐలీ ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఆయన్ని మళ్లీ పిలవండి."

"పిలిచాను. క్లబ్బే మానేశానన్నాడు."

"మరి నా గడ్డి?"

క్రైటన్ చెంచా కింద పెట్టాడు.

"చూడమ్మా, నీళ్లు పెట్టాలని ప్రతి నెలా సమావేశంలో అందరం చేతులెత్తేవాళ్లం. 'ఆ పిల్ల చేసేది ఆ పిల్లకు తెలుసు, నేను ఒప్పుకోను' అని కమిటీ పెద్ద హోదాలో ప్రతిసారీ ఆపింది ఆయనొక్కడే. ఇప్పుడాయన లేడు కదా, రేపు పొద్దున్నే మైదానమంతా నీళ్లు వదులుతున్నాం."